మూడో కెరటం

మీరిప్పుడు బురద తవ్వి కడతన్న రేవు కాదు బాబూ.
అప్పుడు రేవంటే ఒట్టి ఇసక.
ఓడ ఎక్కడో కొండ ముక్కు అవతల ఆగీది.
దొరైనా, దొరసాని పియానో అయినా, బెల్లం బస్తా అయినా
మా కుట్టు పడవ ఎక్కాలిసిందే.
మేకు నేని పడవ. కొబ్బరి తాడుతో కుట్టిన పలకలు.
కెరటం గుద్దితే వొంగుతాది గాని ఇరగదు.

ఆ పొద్దు సరుకు, నలుగురాడోళ్ళు.
ఒకే తాడు, నాలుగు నడుములు.
ఇద్దరు కొండ దిగొచ్చినోళ్ళు,
"ఈ ఏటికి అవతలొడ్డేదీ" అనడిగినారు.
ఒకమ్మి అద్దకపోళ్ళ పిల్ల,
ఏడాది జైల్లో ఉన్నా గోళ్ళ కింద నీలి రంగు పోనేదు.
నాలుగో ఆవిడ మా పేట మడిసే,
గరికిన ఎర్నమ్మ.

ఏటి సేసినాదో పేటంతా సెప్పినాది,
ఒకో నోట ఒకోలాగ.
కోర్టులో దుబాసీ ఇంకోలాగ.
ఎర్నమ్మ మట్టుకు సెప్పనేదు.

లెక్క సూసీవోడు ముసిలి సార్జెంటు డోనెల్లీ.
తెల్లోడే గాని ఇంగిలీసోళ్ళ మాటొస్తే ఉమ్మేసీవోడు,
ఆడిది ఐర్లాండంట.
నలుగురినీ మూడుసార్లు లెక్కెట్టినాడు.
దుబాసీతో ఏదో గొణిగినాడు.
ఆడి మేనత్తనీ ఇలాగే ఎక్కించినారట,
మూరెడు గుడ్డ దొంగిలించినాదని,
నెలలు నెలలు నీళ్ళ మీద.
ఆళ్ళకీ ఒక అండమానుందట, ఇంకా దూరంలోన.
అది సెప్పీసి
కాగితం మీద సంతకం ఎట్టీసినాడు.

నా కడుపులో ఒక లెక్కుంది. ఎవుడికీ సెప్పనేదు.
మొదటి కెరటం దాటాల. రెండోది దాటాల.
మూడోది నెగిసేటప్పుడు తెడ్డు ఒక్క రవ్వ ఆపితే
పడవ అడ్డం తిరుగుతాది.
ఎర్నమ్మ సేపకి ఈత నేర్పే మడిసి.
కొండ కింద ఏ రాళ్ళ సందునో తేలితే
ఎవుడు సూడొచ్చినాడు?
తాడు సంగతి మర్సిపోనాను.
కాదు. మర్సిపోనేదు.
మిగతా ముగ్గురూ నాకేటీ కారు గదా
అనుకున్నాను.

మూడోది నెగిసినాది.
తెడ్డు ఆపినాను.
ఎనక నించి ఎర్నమ్మ,
నెత్తి మీది సేపల తట్ట దించమన్నట్టు కేకేసినాది:
"దేముడూ! ఏటి సూత్తన్నావు? ఎయ్యి తెడ్డు!
ఈళ్ళకి ఈత రాదు!"

కొండోళ్ళిద్దరూ దేముడి పేరిని సేతులు జోడించినారు.
ఆ దేముణ్ణి నానే.

సెయ్యి దానంతటదే ఏసినాది.
పడవ ముక్కెత్తి, ఒక్క చణం ఆకాశం సూసి,
అవతలికి జారినాది.
కుట్లు కిర్రుమన్నాయి.
నీలిగోళ్ళ పిల్ల ఎర్నమ్మ వొళ్ళో కక్కుకున్నాది.
ఎర్నమ్మ ఉప్పునీళ్ళతో దాని మూతి కడిగినాది.

ఓడ నిచ్చెన మీద ఒకరెక్కితే
తాడు ఎనకోళ్ళని లాగతంది.
ఆకర్న ఎర్నమ్మ నాకేసి తిరిగినాది, కోపంగానే.
"కుడేపు కుట్టు వొదిలీసింది. సూసుకో," అన్నాది.
అంతే.

తరవాత ఖలాసీ ఒకడు సెప్పినాడు,
అక్కడ ఆడోళ్ళని వరసలో నిలబెడతారట,
మగ ఖైదీలు ఎంచుకుంటారట, దాన్నే పెళ్ళంటారట.
ఎవుడు ఎంచుకున్నాడో.
ఏ బాసోడి పొయ్యి కాడ సేపలు తోమినాదో.
లేపోతే వరసలో నిలబడనే నేదో. ఎర్నమ్మ గదా.

రేపు ఓడలు గుమ్మంలోకొస్తాయంట.
మంచిదే. నా పడవ సీకిపోయి చాన్నాళ్ళయ్యింది.

ఆ కుడేపు కుట్టు ఆ రేతిరే ఇప్పి
లాంతరు ఎలుగులో మళ్ళీ కుట్టినాను.
సెయ్యి వొణికి ఒక కుట్టు వంకర పోనాది.
పడవున్నన్నాళ్ళూ
దాన్ని సరిసెయ్యనేదు.